రోహిణి కార్తెలో రోహిణి ఎక్కడ?

మా ఇద్దరు పిల్లల్ని బడి మాన్పించి మూడేళ్లయింది. పదో తరగతి ఎన్‌ఐఓఎస్‌లో (బడికి పోకుండానే పరీక్ష రాయనిచ్చే జాతీయ ఓపెన్ స్కూల్) రాయిస్తాం, దానికి 14 ఏళ్లు నిండాలి, ఇంకా టైముంది. ఎందుకు మాన్పించారు, రేపు పిల్లకు పెళ్లెట్లా అని అడిగేవాళ్లకు ఇదివరకే జవాబు చెప్పాను. మళ్లీ మొదలుపెట్టకండి. ఈరోజు నా గొడవ వేరు.

పిల్లల్ని ఇంట్లోనే చదివించుకునే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో వారం నుంచి ఒకటే చర్చ. పిల్లలకు ఖగోళశాస్త్రం మొదలుపెట్టాలి, ఏ టెలిస్కోప్ కొనాలి, ఏ ఆన్‌లైన్ కోర్సు కట్టాలి? ఒకాయన ముప్పై వేలు పోసి కొన్న టెలిస్కోప్ ఫొటో పెట్టాడు. బాల్కనీలో ఉంది, మనీప్లాంట్ పక్కన, ఎదురింటి గోడ వైపు తిరిగి. చంద్రుడు రోజుకు ఎంత ఆలస్యంగా వస్తాడో మీ పాపకు తెలుసా అని అడిగాను. అది మూడో మాడ్యూల్‌లో వస్తుందట!

నవ్వే హక్కు నాకూ లేదు. పోయిన ఎండాకాలం నా పరువు ఇట్లాగే పోయింది.

రోహిణి కార్తె నడుస్తోంది. నల్గొండ ఎండ గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది. దేవరకొండ దగ్గరి ఊరి నుంచి మా అత్తమ్మ వచ్చి ఉంది. ఆడుకోవడానికి బయల్దేరిన పిల్లల్ని గడప దగ్గరే ఆపి, "రోహిణిల రోళ్లు పగుల్తయ్ బిడ్డా, బయటికి పోకుర్రి" అంది.

"రోహిణి అంటే ఎవరు బాపమ్మా?" అంది మా పాప.

"సుక్క."

"అయితే చూపించు."

"నాకేమెరుక? మీ అమ్మనడుగు, సదువుకున్నది గదా."

చదువుకున్నదాన్ని కదా, రాత్రి ఏడున్నరకు మిద్దె ఎక్కి ఫోన్‌లో చుక్కల్ని చూపించే యాప్ తెరిచాను. రోహిణి పడమటి ఇళ్ల కింద, నేలలో ఉందని చూపించింది. ఫోన్ పాడైందన్నాను. మర్నాడూ అంతే. మూడో రోజు పాప అడగడం మానేసింది, అది నాకు ఇంకా అవమానం. ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే తట్టింది. సూర్యుడు రోహిణి చుక్క వైపు ఉన్నాడు కాబట్టే కదా అది రోహిణి కార్తె! ఆ చుక్క సూర్యుడితోపాటే పొడిచి, సూర్యుడితోపాటే కుంకుతుంది. మామూలుగా ఏ కార్తె నడుస్తుంటే ఆ కార్తె చుక్కే కనిపించదు. నలభై ఏళ్లుగా కార్తెల పేర్లు వింటున్నాను, మృగశిర రాగానే చేపల కూర వండుతున్నాను, ఈ ముక్క మాత్రం నా బుర్రకు ఎన్నడూ ఎక్కలేదు. డిగ్రీలో నాది ఫిజిక్సే మరి.

మర్నాడు హాలు మధ్యలో స్టూలు వేసి దీపం పెట్టాను, అదే సూర్యుడు. 27 చీటీల మీద అశ్విని నుంచి రేవతి దాకా పేర్లు రాసి నాలుగు గోడలకూ వరుసగా అంటించాం. పాప భూమి. దీపం చుట్టూ నడవాలి, ఆగినచోటి నుంచి చూస్తే దీపం వెనక ఏ చీటీ ఉంటే అది కార్తె. పదమూడు, పద్నాలుగు రోజులకొక చీటీ. వీపు వెనక ఉన్న చీటీ అర్ధరాత్రి నెత్తిన ఉండే చుక్క. బాబు చంద్రుడు, చేతిలో బంతి. పున్నమి కావాలంటే వాడు పాప వీపు వెనక, దీపానికి ఎదురువైపు నిలబడాలి. తిరుగుతూ తిరుగుతూ పాప ఆగిపోయింది. "అమ్మా, కార్తీక పున్నమికి చంద్రుడు కృత్తిక దగ్గర ఉంటాడా? అందుకేనా ఆ పేరు?" అవునన్నాను, అదేదో నాకు ముందే తెలిసినట్టు.

ఇక్కడో మాట. అంతా మన పూర్వీకులకు ముందే తెలుసు అంటూ నాకు ఫార్వర్డ్‌లు పంపకండి. అత్తమ్మకు పేర్లు తెలుసు, కారణం తెలియదు. నాకు కారణం తెలుసు, పేరుతో కలపడం తెలియలేదు. పైగా పెద్దవాళ్ల భయాలు కూడా నాకు తెలుసు. 1980 ఫిబ్రవరి 16న, మధ్యాహ్నం నాలుగు కావస్తుండగా, సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా మన నల్గొండ మీదుగా పోయింది. ఇబ్రహీంపట్నం అవతల రంగాపూర్‌లో, 48 అంగుళాల టెలిస్కోప్ ఉన్న ఉస్మానియా అబ్జర్వేటరీలో, శాస్త్రవేత్తలు దాని కోసం కాచుకుని కూర్చున్నారు. మా నాన్నను మాత్రం తలుపులు బిగించి మంచం మీద పడుకోబెట్టారు. చందమామ నీడ మా ఇంటి పైకప్పు మీదుగా రెండు నిమిషాలకు పైగా పోతుంటే ఆయన చూసింది దూలాలు! సూర్యుణ్ని నేరుగా చూస్తే కళ్లు పోతాయి, ఆ భయం నిజమే. కానీ అట్టముక్కకు సన్న చిల్లు పెట్టి, దాంట్లోంచి పడే వెలుగును నేల మీద చూడొచ్చు. వేపచెట్టు కింద నిలబడినా చాలు, ఆకుల సందుల్లోంచి నెలవంకలు రాలుతాయి. ఇక మీదట మన దేశంలో కనిపించే సంపూర్ణ సూర్యగ్రహణం 2034 మార్చి 20న, అదీ కాశ్మీర్ వైపు. నాన్న ఇప్పటికీ ఆ మాట వస్తే టాపిక్ మారుస్తాడు.

అందుకే 2025 సెప్టెంబర్ 7 రాత్రి చంద్రగ్రహణానికి ఇంట్లో యుద్ధం చేసి మరీ పిల్లల్ని మిద్దె మీదికి తీసుకుపోయాను. చంద్రగ్రహణానికి కళ్లద్దాలూ అక్కర్లేదు. మబ్బుల సందున రాగిచెంబు రంగులో కనిపించాడు. పన్నెండున్నరకు అత్తమ్మ కూడా పైకొచ్చింది, పిల్లల్ని తిట్టడానికట.

గ్రూపులో వాళ్లకు నేను చెప్పింది ఇదే. టెలిస్కోప్ ఓ ఏడాది ఆగనివ్వండి. మన దగ్గర మే 8 అటూ ఇటూ, మళ్లీ ఆగస్టు మొదటివారంలో, మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. ఢిల్లీ పిల్లలకు ఆ భాగ్యం లేదు. ధ్రువనక్షత్రం మనకు 17 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, అంటే చేయి చాచి పిడికిలి మీద పిడికిలి పెడితే రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ. మాకు పక్కింటివాళ్ల వాటర్ ట్యాంక్ అడ్డం, అందుకని పానగల్లు చెరువుకట్ట దాకా పోయాం. ఖర్చు ఆటోకే. ఈ మాటలకు ఒకావిడ బొటనవేలు గుర్తు పెట్టింది, టెలిస్కోప్ ఆయన గ్రూపులోంచి వెళ్లిపోయాడు.

చలికాలంలో ముడుమాల్ పోయొచ్చాం, నారాయణపేట జిల్లా, కృష్ణ ఒడ్డున. మనిషికి రెండింతల ఎత్తు నిలువురాళ్లు, మూడువేల ఏళ్లకు పైబడినవి. అక్కడొక బండ మీద గుంటలు తొలిచి ఉన్నాయి, సప్తర్షి మండలం అంటారు పరిశోధకులు. అత్తమ్మ వంగి చూసి, "ఇది అవ్వ మంచం, ఇగో నాలుగు కోళ్లు, ఇగో ముగ్గురు దొంగలు" అంది. పాప ఒప్పుకోలేదు. నడిమి దొంగ పక్కన చిన్న చుక్క ఇంకోటి ఉండాలి, అరుంధతి, అది చెక్కలేదు అంటుంది. ఇద్దరూ ఆ బండ దగ్గర్నుంచి కదల్లేదు, మాకు సాయంత్రం బస్సు పోయింది.