మావయ్య మాటలు కనిపించడం లేదు

జీఎం గారి మాటలు కనిపిస్తున్నాయి. మావయ్య మాటలు కనిపించడం లేదు. వినిపిస్తున్నాయి, ఆ మాటకొస్తే వీధి చివరిదాకా వినిపిస్తున్నాయి. కంప్యూటర్ తెర మీద మాత్రం కనిపించడం లేదు. గొడవంతా దీంతోనే వచ్చింది.

సంగతేమిటంటే, మావయ్య రిటైరయ్యారు. ఆఫీసువాళ్లు వీడ్కోలు సభ పెట్టారు. అందులో జీఎం గారు ఆరు నిమిషాలు మాట్లాడారు, మావయ్య ముప్పావుగంట మాట్లాడారు. రెండూ మా బావమరిది ఫోన్లో తీశాడు. చుట్టాలందరికీ పంపడానికి వీలుగా మొత్తం పది నిమిషాలకు కుదించే పని నా మీద పడింది. ఇంట్లో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉందని ఎవరికీ చెప్పకూడదు. చెప్పాక ఇలాంటివి తప్పవు.

ఈ పని ఎరగనివాళ్ల కోసం ఒక ముక్క. టైమ్‌లైన్‌లో బొమ్మ ఒక పట్టీ, దాని కింద శబ్దం ఇంకో పట్టీ. శబ్దం పట్టీలో పైకీ కిందికీ లేచే గీతలుంటాయి. వాటి పేరు వేవ్‌ఫామ్, వాడుకలో వేవ్స్. గట్టిగా అరిచినచోట ఎత్తుగా, ఊపిరి పీల్చుకున్నచోట సన్నగా ఉంటాయి. ఈ పనిలో చెయ్యి తిరిగినవాడు ఉపన్యాసాన్ని వినడు, చూస్తాడు. మాట ఎక్కడ ఆగిందో కనిపిస్తూనే ఉంటుంది, అక్కడ కత్తెర పెడతాడు. మావయ్య ఊతపదం 'అంచేత'. ఇదివరకు తీసిన వీడియోల్లో చూశాను, తల లావుగా, తోక సన్నగా, అచ్చం చేపలా ఉంటుంది. ఆ చేపల్ని ఏరేస్తే ఉపన్యాసం సగానికి దిగుతుందని నా అంచనా. అలా ముప్పావుగంట ప్రసంగాన్ని ఒక్క మాటా వినకుండా ఎడిట్ చేసేయొచ్చు. నేనీ పనికి ఒప్పుకున్నదే ఆ ధైర్యంతో.

జీఎం గారి క్లిప్పు ముందురోజే వేశాను. వేవ్స్ చక్కగా వచ్చాయి. మర్నాడు మావయ్య క్లిప్పు వేస్తే పట్టీ వచ్చింది కాని అందులో ఏమీ లేదు. ఉత్త ఆకుపచ్చ రంగు, మధ్యలో ఒక గీత.

అప్పటికే మావయ్య నా వెనక కుర్చీ వేసుక్కూర్చుని ఉన్నారు.

"అదేమిట్రా, జీఎంకి గీతలున్నాయి. నాకేవీ?"

"వస్తాయి మావయ్యా, ఉండండి."

"రావురా. నా సర్వీసంతా ఇంతే. పని నాది, పేరు ఆయనది."

ప్లే చేశాను. మావయ్య గొంతు ఖంగున మోగింది. పక్కనున్న లెవెల్ మీటర్ మైనస్ 6 దాకా ఎగిరెగిరి పడుతోంది. అంటే ఫైల్లో శబ్దం భేషుగ్గా ఉంది, సాఫ్ట్‌వేర్‌కి అందుతోంది కూడా. గీతలు గియ్యడం ఒక్కటే మానేసింది. ఆ మాటే చెప్పాను.

"అర్థమైంది," అన్నారు మావయ్య. "విన్నారు, రికార్డులో ఎక్కించలేదు. అది నాకు అలవాటే."

ఇంతలో బావమరిది వచ్చాడు. "బావా, మ్యూట్‌లో ఉందేమో చూడు," అన్నాడు. వాడు ఈ మాట అంటున్నప్పుడు వాళ్ల నాన్న గొంతు గదిలో ఎంత గట్టిగా మోగుతోందంటే, ఆ మాట నాకు వినిపించడానికి వాడు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మొదట ట్రాక్ ఎత్తు చూశాను. పట్టీ మరీ సన్నగా ఉంటే కొన్ని సాఫ్ట్‌వేర్లు వేవ్స్ దాచేస్తాయి. అంచు పట్టుకుని కిందికి లాగితే బయటపడతాయి. లాగాను. ఆకుపచ్చ వెడల్పయింది, అంతే. ఖాళీ ఇంకా స్పష్టంగా కనిపించింది.

తర్వాత టిక్కు. వేవ్స్ చూపించాలా వద్దా అనే టిక్కు దాదాపు ప్రతి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంటుంది. ఎక్కడుంటుందన్నదే మన జాతకం. ప్రీమియర్ ప్రోలో టైమ్‌లైన్ మీద రెంచి బొమ్మ నొక్కితే వచ్చే జాబితాలో ఉంటుంది. కేడెన్‌లైవ్‌లో కిటికీ అడుగున ఓ చిన్న బటన్. షాట్‌కట్‌లో టైమ్‌లైన్ మెనూ తెరవాలి. ఓపెన్‌షాట్‌లో అయితే క్లిప్పు మీద రైట్ క్లిక్ కొట్టి, చూపించమని అడగాలి. అడగనిదే చూపించదు. నా దాంట్లో ఎక్కడుందో వెతికి పట్టుకున్నాను. టిక్కు ఉండనే ఉంది. ఉండకపోతే జీఎం గారి వేవ్స్ కూడా ఉండవు కదా అని అప్పుడు తట్టింది.

"అయినా ఒకసారి తీసి పెట్టు బావా," అన్నాడు బావమరిది. మౌస్ నా చేతిలోంచి లాక్కుని తనే తీసేశాడు. జీఎం గారి వేవ్స్ కూడా మాయమయ్యాయి. తెరంతా ఒకే ఆకుపచ్చ.

"ఆఁ, ఇప్పుడు బాగుంది," అన్నారు మావయ్య. "ఇలాగే ఉంచండి."

ఫోన్లో ఒక మిత్రుణ్ణి అడిగాను. రీస్టార్ట్ చేశావా అన్నాడు. చేశానన్నాను. మళ్లీ చెయ్యమన్నాడు. లోకంలో ఎవరికి ఫోన్ చేసినా ఈ సలహా ఉచితం. తర్వాత కాస్త గంభీరంగా, ఆడియో ఏఏసీ అయ్యుంటుంది, నీది లినక్సా అని అడిగాడు. ఏఏసీ అంటే శబ్దాన్ని కుదించి దాచే ఒక పద్ధతి, లినక్స్ అంటే విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ లినక్స్‌లో ఏఏసీ శబ్దం తీసుకోదు, నిజమే. కాని అక్కడ పోయేది శబ్దమే. నాకు శబ్దానికి ఏ లోటూ లేదు, ఆ సంగతి ఫోన్లోంచి అతనికీ వినపడుతోంది. పైగా నాది లినక్సూ కాదు, రిజాల్వూ కాదు. ఆయన ఎవరు, భలే మాట్లాడుతున్నారే అన్నాడు. ఫోన్ మావయ్యకిచ్చాను. కాసేపు నాకు విశ్రాంతి.

గీతలు లేకుండానే పని మొదలుపెడదామని చూశాను. చెవుల మీద ఆధారపడి కత్తిరించడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. సెకనుకు 25 ఫ్రేములు అనుకుంటే ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. ఒక్క ఫ్రేము అటూ ఇటూ అయినా మాట తోక తెగుతుంది. 'అంచేత' తీసేద్దామని కత్తెర వేస్తే 'అంచే' పోయి 'త' మిగిలింది. ఆ 'త'ని పట్టుకోవడానికి వెనక్కీ ముందుకీ తిప్పుతుంటే మావయ్య స్పీకర్లోంచి త, త, తత, త అని తాళం వెయ్యడం మొదలుపెట్టారు. అసలు మావయ్య వెనక కుర్చీలోంచి, "నేనలా అన్లేదే!" అన్నారు.

అంతకన్నా పెద్ద కష్టం, ఉపన్యాసం వినాల్సి రావడం. బదిలీల గురించి, ఫైళ్ల గురించి, ఫలానా సంవత్సరం రావాల్సిన ప్రమోషన్ గురించి అక్షరం పొల్లు పోకుండా విన్నాను.

మావయ్యను ఊరడిద్దామని ఒక కథ చెప్పాను. 1857లో స్కాట్ డి మార్టిన్‌విల్ అనే ఫ్రెంచాయన శబ్దాన్ని గీతలుగా గీసే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. పేరు ఫోనాటోగ్రాఫ్. గొట్టంలోకి మాట్లాడితే పొర కంపించి, మసి పూసిన కాగితం మీద సన్నటి ముల్లు వేవ్స్ గీసేది. చిక్కల్లా, గీతల్ని మళ్లీ శబ్దంగా వినే దారి ఆయన యంత్రంలో లేదు. ఆయన ఉద్దేశమూ అది కాదు. గీసిన శబ్దాన్ని కళ్లతో చదువుకుంటే చాలనుకున్నాడు. ఎడిసన్ ఫోనోగ్రాఫ్ ఆ తర్వాత ఇరవయ్యేళ్లకు, 1877లో వచ్చింది. స్కాట్ 1860లో గీసిన ఒక పాటను 2008లో కంప్యూటర్ సాయంతో వినిపించారు. మొదట ఎవరో అమ్మాయి గొంతనుకున్నారు. తీరా చూస్తే వేగం రెట్టింపు పెట్టారట. సరిచేస్తే మగగొంతు, బహుశా ఆయనదే.

"చూశారా మావయ్యా, ఆయనకు గీతలున్నాయి, శబ్దం లేదు. మనకు శబ్దం ఉంది, గీతలు లేవు. మనమే నయం."

మావయ్య వేళ్ల మీద లెక్కేశారు. "నూట నలభై ఎనిమిదేళ్లు. అంటే నన్నూ అంతకాలం ఆగమంటావు."

ఇక లాభం లేదని అసలు ఆ గీతలు ఎక్కడ తయారవుతాయో అటునుంచి ఆలోచించాను. వీడియోలో శబ్దాన్ని మామూలుగా సెకనుకు 48,000 సార్లు కొలిచి అంకెలుగా దాస్తారు. ముప్పావుగంట అంటే 2,700 సెకన్లు. గుణిస్తే దాదాపు 13 కోట్ల అంకెలు. నా తెర వెడల్పు 1,920 చుక్కలు. మొత్తం ప్రసంగం తెరలో ఇమడాలంటే ఒక్కో చుక్కలో 67,500 అంకెలు కూరాలి. టైమ్‌లైన్ కాస్త జరిపినప్పుడల్లా ఇన్ని కోట్లు మళ్లీ లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే పని సాగదు. అందుకని సాఫ్ట్‌వేర్ ఒక్కసారి మొత్తం చదివి, ఎక్కడెంత ఎత్తు, ఎంత లోతు అన్నది వేరే చిన్న ఫైల్లో రాసి పక్కన పెట్టుకుంటుంది. తెర మీద చూపించేది ఆ చిన్న ఫైలునే. ప్రీమియర్ ప్రోలో దీన్ని పీక్ ఫైల్ అంటారు, మీడియా క్యాష్ ఫోల్డర్లో ఉంటుంది. అది పాడైతే తీసేసి మళ్లీ రాయించాలి. మరి రాసుకోవడానికి చోటే లేకపోతే?

డిస్కు తెరిచి చూశాను. గీత ఈ చివర నుంచి ఆ చివరదాకా ఎర్రగా ఉంది.

లోపల నాలుగు ఫోల్డర్లు. 'నాన్న స్పీచ్'. 'నాన్న స్పీచ్ ఒరిజినల్'. 'నాన్న స్పీచ్ ఫైనల్'. 'నాన్న స్పీచ్ డిలీట్ చెయ్యొద్దు'. నాలుగింటిలోనూ అదే ముప్పావుగంట. 4కేలో తీశాడు కనక ఒక్కోటీ పదిహేను జీబీకి తక్కువ లేదు.

"ఏరా, ఇదేమిటి?"

"నాన్నే చెప్పారు బావా. ఎందుకైనా మంచిది, నాలుగు చోట్ల పెట్టు అన్నారు."

"నాలుగు చోట్లంటే నాలుగు డిస్కుల్లోరా! ఒకే డిస్కులో నాలుగు పెడితే, అది పోయిన రోజు నాలుగూ కలిసే పోతాయి."

"ఆ సంగతి నాన్న చెప్పలేదు."

అరవై జీబీల ఉపన్యాసం పట్టిన డిస్కులో, దాని గీతలకు నాలుగైదు ఎంబీల చోటు లేదు. సాఫ్ట్‌వేర్ ఆ ముక్క నోరు తెరిచి చెప్పి ఉంటే మా ఇంట్లో ఇంత రభస జరిగేది కాదు. చోటు లేదని చెప్పడానికి మొహమాటపడే యంత్రాన్ని నేనెక్కడా చూడలేదు.

డిలీట్ చెయ్యడం తేలిగ్గా జరగలేదు. టైమ్‌లైన్‌లో ఉన్నది ఏ ఫోల్డర్‌లోదో ముందు చూసుకోవాలి, అదే తీసేస్తే శబ్దంతోపాటు బొమ్మా పోతుంది. చూస్తే 'డిలీట్ చెయ్యొద్దు'లోది. దాన్ని వదిలేశాను. మిగిలిన మూడింట్లో ఒకటి బయటి డిస్కుకు పంపాను. తక్కిన రెండూ చెరిపేస్తుంటే మావయ్య మొహం చూడలేకపోయాను. "అక్షరం కూడా తేడా లేదంటావు?" అని మూడోసారి అడిగాక గాని ఒప్పుకోలేదు.

తర్వాత క్లిప్పుకు వేవ్స్ మళ్లీ గియ్యమని ఆదేశం ఇచ్చాను. ఎడమ నుంచి కుడికి, ఆకుపచ్చలో గీతలు మొలుచుకుంటూ వచ్చాయి. మావయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నారు. జీఎం గారి గీతలకు రెట్టింపు ఎత్తు. జీఎం గారు ఫోనుకు దూరంగా నిలబడ్డారు, అంతకుమించి అందులో విశేషం లేదు. ఆ మాట నేను చెప్పలేదు.

"మధ్యలో ఇదేమిట్రా, పైకప్పు దాకా వెళ్లింది?"

"చప్పట్లు మావయ్యా."

"ఏం మాట్లాడినప్పుడు?"

ప్లే చేశాను. 'చివరిగా ఒక్క మాట చెప్పి ముగిస్తాను' అన్నారు తెర మీది మావయ్య. హాలు దద్దరిల్లింది. మావయ్య కాస్త తెల్లబోయారు. ఆ మాట పన్నెండో నిమిషంలో ఉంది. ఇరవయ్యో నిమిషంలో మళ్లీ అన్నారు. అక్కడ చప్పట్ల గీతలు సగం ఎత్తుకు దిగాయి. ముప్ఫయ్యో నిమిషంలో ఇంకాస్త చిన్నవి. నలభై నాలుగులో నిజంగానే ముగించినప్పుడు దాదాపు ఏమీ లేదు. వేవ్స్ మళ్లీ పోయాయా అని ఆయనే అడిగారు. ప్లే చేస్తే కుర్చీలు జరిపిన చప్పుడు వచ్చింది, ఎవరో దగ్గారు.

మావయ్య చాలాసేపు తెర వంక చూశారు.

"ఒరే, ఆ పన్నెండో నిమిషంలోవి తీసి చివర అతికించడానికి వీలవుతుందా?"

"వీలవుతుంది మావయ్యా."

"అయితే అతికించు. జీఎం మాట్లాడాక ఏమైనా కొట్టి ఉంటే, అవి కూడా తెచ్చి ఇందులోనే కలిపేయ్."