పక్కవాడి మార్కులతో మన గ్రేడా?

పరీక్ష ముందు రోజు రాత్రి హాస్టల్లో తప్పకుండా వినిపించే అబద్ధం ఒకటుంది: ‘నేనింకా పుస్తకమే తెరవలేదురా!’ గచ్చిబౌలి నుంచి కంది దాకా, ఇటు శామీర్‌పేట దాకా హైదరాబాద్ చుట్టూ పేరున్న క్యాంపస్‌లు ఎన్నున్నా ఈ మాట మాత్రం ఒకటే. చదివింది దాచుకోవడం, నోట్స్ అడిగితే ‘రూంలో లేవు’ అనడం ఈ కాలేజీల్లో కొత్తేమీ కాదు.

పిల్లల్లో స్వార్థం పెరిగిందని తేల్చేయడం తేలిక. మేం అలా అనుకోవడం లేదు. ఇంటర్ రెండేళ్లూ వారం వారం పరీక్ష రాసి, ర్యాంకును బట్టి సెక్షన్ మారుతూ వచ్చినవాళ్లు వీళ్లు. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం వీలైనంత వరకు మానుకోవాలని విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పింది. (అది ఎక్కడ అమలవుతోందో తల్లిదండ్రులే చెప్పాలి.) అలా వచ్చినవాళ్లకు కాలేజీలో ఎదురయ్యేది రిలేటివ్ గ్రేడింగ్.

ఇందులో ఎన్ని మార్కులొచ్చాయన్నదాని కంటే క్లాసులో ఎక్కడున్నావన్నదే లెక్క. వందకు 62 వచ్చాయనుకుందాం. సగటు 45 అయితే మంచి గ్రేడే, 65 అయితే వెనకబడ్డట్టే. అంటే పక్క గదివాడికి రాత్రి రెండింటిదాకా లెక్కలు చెప్పినవాడు తన గ్రేడుకే గండి కొట్టుకున్నాననుకుంటాడు. నిజానికి వందమంది క్లాసులో ఒకరికి పది మార్కులు పెరిగితే సగటు పెరిగేది 0.1 మాత్రమే. జేఈఈ గట్టెక్కినవాళ్లకు ఈ లెక్క తెలియక కాదు. టెన్షన్‌లో ఎవరూ లెక్క వేసుకోరు.

పేపర్ మరీ కఠినంగా వస్తే క్లాసంతా మునిగిపోకుండా ఈ పద్ధతి కాపాడుతుంది, నిజమే. కానీ కలిసి చదవడం వల్ల వచ్చే లాభం అంతకంటే పెద్దది. అమెరికాలోని బర్కిలీలో 1970లలో ఉరి ట్రైస్మన్ అనే గణితవేత్త, కాలిక్యులస్‌లో కొందరే ఎందుకు తప్పుతున్నారో గమనించాడు. చైనా మూలాలున్న విద్యార్థులు కలిసి కూర్చుని ఒకరి తప్పులు ఒకరు దిద్దుకుంటున్నారు. నల్లజాతి విద్యార్థులు కష్టపడుతున్నా ఎక్కువగా ఒంటరిగానే చదువుతున్నారు. మామూలు కంటే కష్టమైన లెక్కలిచ్చి వాళ్లచేత కలిసి చేయించాడు. ఫలితాలు బాగా మెరుగయ్యాయి.

కాబట్టి మొదటి ఏడాదికైనా రిలేటివ్ గ్రేడింగ్ తీసేసి, ఇన్ని మార్కులకు ఇంత గ్రేడని ముందే చెప్పాలి. అమెరికాలోని ఎంఐటీలో మొదటి సెమిస్టర్ ట్రాన్‌స్క్రిప్ట్‌లో పాసైన సంగతే ఉంటుంది, తప్పినది ఎక్కదు. దాంతో ఆ సంస్థ పరువేమీ పోలేదు. కంపెనీలూ సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల సగటు గ్రేడు పాయింటు) కటాఫ్ గీత గీసి, పాయింటులో పదో వంతు కోసం పిల్లలు కొట్టుకునేలా చేయడం మానాలి. హైటెక్ సిటీ ఆఫీసుల్లో ఒకరు రాసిన కోడ్‌ను ఇంకొకరు చూశాకే కదా ముందుకు పంపుతారు!

ఇంతా చేసి, ఇవ్వడం ఈ పిల్లలకు రాక కాదు. పాత పేపర్లు, నోట్స్ డ్రైవ్‌లో పెట్టి సీనియర్లు జూనియర్లకు లింకు పంపుతూనే ఉంటారు. వాళ్లతో పోటీ లేదు కదా. సొంత బ్యాచ్‌వాళ్లకే ఆ లింకు చాలాసార్లు పరీక్ష అయ్యాక అందుతుంది.