కొవ్వాడ వాదనలోకి జినాన్ ఎందుకు?

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర టీ తాగుతుంటే, రణస్థలం నుంచి వచ్చిన పరిచయస్తుడొకరు తన ఫోనులో ఒక వీడియో నా ముందు పెట్టారు. "చూడండి మాస్టారూ, జడవాయువుల పరమాణు గుచ్ఛాలతో గది ఉష్ణోగ్రత దగ్గరే ఫ్యూజన్ అట, పరమాణు కేంద్రకాలు కలిసి శక్తి వస్తుందట. ఇక కొవ్వాడలో రియాక్టర్లు ఎందుకండీ?" 1208 మెగావాట్ల అణు విద్యుత్ రియాక్టర్లు ఆరు తమ మండలానికి వస్తాయంటుంటే ఆయన ఆశపడటం సహజం. కానీ ఆ వీడియో రెండు వేర్వేరు సంగతులను ఒకే గాటన కట్టింది.

గుచ్ఛాలు నిజమే. సాధారణంగా ఎవరితోనూ కలవని ఆర్గాన్, జినాన్ వంటి జడవాయువుల పరమాణువులు కూడా బాగా చల్లబడితే బలహీనమైన ఆకర్షణతో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఒక లడ్డూను తాకేలా దాని చుట్టూ అదే సైజు లడ్డూలు పన్నెండే పడతాయి. జినాన్‌లో 13 పరమాణువుల గుచ్ఛం గట్టిగా నిలబడేది అందుకే. ఆపై పొరలు నిండితే 55, తర్వాత 147.

ఇక ఫ్యూజన్. 1997లో సుమారు 2500 జినాన్ పరమాణువుల గుచ్ఛాలను లేజర్‌తో పేల్చితే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల వరకు శక్తితో అయాన్లు (ఎలక్ట్రాన్లు ఊడిన పరమాణువులు) ఎగిరిపడ్డాయి. అంతమాత్రాన జినాన్ ఇంధనం కాదు. ఇనుము కంటే బరువైన కేంద్రకాలను కలపాలంటే మనమే శక్తిని ఎదురిచ్చుకోవాలి. అందుకే 1999లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో టాడ్ డిట్మైర్ బృందం జినాన్ బదులు డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) గుచ్ఛాలను వాడింది. లేజర్ తాకగానే ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి, మిగిలిన ధనావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుని గుచ్ఛం పేలుతుంది, ఎగిరిన కేంద్రకాలు పక్క గుచ్ఛాల వాటిని ఢీకొంటాయి. ఫ్యూజన్ జరిగింది, సందేహం లేదు. అయితే పరికరం బల్ల మీద పట్టేంత చిన్నదైనా, ఢీకొన్న కేంద్రకాల వేగం మాత్రం కోట్ల డిగ్రీల వేడికి సమానం. "గది ఉష్ణోగ్రత ఫ్యూజన్" అనే మాట ఇందులో ఎక్కడా లేదు. అది 1989లో యూటాలో పల్లాడియం కడ్డీల చుట్టూ పుట్టి, ఇతరులు మళ్లీ చేసి చూస్తే నిలవని వేరే కథ.

టీ కొట్టు కాగితం మీదే లెక్క వేశాను. ఒక్కో లేజర్ దెబ్బకు పెట్టింది 0.12 జౌల్స్ శక్తి, ఫ్యూజన్‌లో వచ్చినవి సుమారు పదివేల న్యూట్రాన్లు. రాబడి పెట్టుబడిలో కోటో వంతు. లేజర్ తాగే కరెంటు ఇందులో కలపలేదు. పలాస జీడిపప్పు వ్యాపారి ఎవరూ ఇలాంటి బేరానికి దిగరు. న్యూట్రాన్ల కోసం ప్రయోగశాలలో వాడుకోవడానికైతే బాగుంటుంది.

కొవ్వాడ మీద అడగాల్సినవి భూమి, చేపల వేట, పునరావాసం, అణు వ్యర్థాలు, యూనిట్ ధర. వాటి పక్కన ఈ వీడియోను పెడితే, జవాబివ్వాల్సినవాళ్లు ముందు దీన్నే పట్టుకుని నవ్వుతారు. మత్స్యకారుల ప్రశ్నలు ఆ నవ్వులో కొట్టుకుపోతాయి.