‘పుస్తకం ఎవరికి?’ అని అడిగించిన చట్టం గారికి

మహారాజశ్రీ 2008 నాటి అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా మెరుగుదల చట్టం గారి సముఖానికి, ఒహైయో రాష్ట్రంలో కూతురింట కాలక్షేపం చేస్తున్న ఒక తాత నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమరి పూర్తి నామధేయం ఒక్క ఊపిరిలో పలకడం నా వయసులో కష్టం కనుక, ఇకమీదట ‘చట్టం గారు’ అని మాత్రమే పిలుస్తాను, మన్నించగలరు.

నిన్న శనివారం మధ్యాహ్నం తమరి పుణ్యమా అని వృథా అయింది. ఊరి చివర, వాడిన వస్తువులు చవగ్గా అమ్మే ఒక థ్రిఫ్ట్ స్టోర్‌లో, పిల్లల బట్టలకు వెనుక ఉన్న అరలో, 1966లో అచ్చయిన బొమ్మల పుస్తకం ఒకటి నా కంటబడింది. గుడ్డ అతికించిన వీపు, మందపాటి కాగితం, పుస్తకం మొత్తానికి నలుపు, ఎరుపు, పసుపు మూడే రంగులు. ఆ మూడింటితోనే చిత్రకారుడు ఒక రేవునూ అందులోని పడవలన్నింటినీ నిలబెట్టాడు. ధర ఒక డాలరు. ఆరేళ్ల మా మనవరాలికి ఇంతకంటే మంచి పుస్తకం దొరకదనుకుని కౌంటర్ దగ్గరికి తీసుకువెళ్లాను. అక్కడి పెద్దావిడ లోపలి పేజీలో సంవత్సరం చూసి, “ఇది ఎవరికండీ?” అని ఎంతో మర్యాదగా అడిగారు. “మా మనవరాలికి” అన్నాను. ఆవిడ ముఖం వాడిపోయింది. పాత సిరాల్లో సీసం ఉండవచ్చునని, 1985కు ముందు అచ్చయిన పిల్లల పుస్తకాలను పిల్లల కోసం అమ్మకూడదని వాళ్ల నియమమట. పాత వస్తువులు సేకరించే పెద్దవాళ్లు అడిగితే మాత్రం ఇవ్వవచ్చునట. కౌంటర్ పక్కన గోడకు ఆ సంగతే లామినేషన్ చేయించిన కాగితం మీద రాసి ఉంది. “అయితే నా కోసమే అనుకోండి” అన్నాను. “మీరు ముందే చెప్పేశారు కదండీ” అంటూ ఆవిడ పుస్తకాన్ని బల్ల కిందికి జరిపేశారు.

చట్టం గారూ, ప్రశ్న నాకు ఇంకా తెగడం లేదు. అదే పుస్తకం, అదే సిరా, అదే డాలరు. నేను అబద్ధమాడి ఉంటే అది ఈపాటికి మా ఇంట్లో ఉండేది. నిజం చెప్పినందువల్ల బల్ల కింద ఉంది. పిల్లలకు అపాయం రాకుండా చూడడానికి పుట్టిన తమరు, పిల్లల పుస్తకాన్ని పిల్లలు తప్ప ఎవరైనా కొనుక్కోవచ్చుననే స్థితికి ఒక దుకాణాన్ని తెచ్చారంటే, అది మామూలు ప్రజ్ఞ కాదు.

సీసం తమాషా కాదని నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. నేను విజయవాడలో ఒక అచ్చాఫీసులో కంపోజిటర్‌గా చేరి, ఆఫ్‌సెట్ అచ్చు వచ్చి, అక్షరాలుండే అరపెట్టెలన్నీ తుక్కు కింద తూచి అమ్మేసే రోజు వరకు, సీసం, తగరం, ఆంటిమొనీ కలిపి పోతపోసిన అక్షరాలను వేళ్లతో ఏరి, స్టిక్ అనే చేతిపట్టీలో వరుసగా పేర్చినవాణ్ణి. చేతులు కడుక్కోకుండా క్యారియర్ మూత తీస్తే మా ఫోర్‌మన్ ఊరుకునేవాడు కాదు. అందువల్ల తమరి జన్మవృత్తాంతాన్ని నేను ఎగతాళి చేయను. 2006లో మిన్నియాపోలిస్‌లో నాలుగేళ్ల బాబు, బూట్లతో పాటు ఉచితంగా వచ్చిన గొలుసుకున్న లోహపు బిళ్లను మింగి, సీసం ఒంటికెక్కి చనిపోయాడు. ఆ బిళ్లలో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు సీసమే. మరుసటి ఏడాది, చైనాలో తయారైన చెక్క రైలు బొమ్మల రంగులో సీసం ఉందని, ఒక్క విడతలోనే దాదాపు 15 లక్షల బొమ్మలను వెనక్కి పిలిపించవలసి వచ్చింది. ఆ తరువాత మాటెల్ వారి బొమ్మల వంతు వచ్చింది. అప్పుడు తమరి బిల్లుకు ప్రతినిధుల సభలో 424 మంది అవునంటే ఒక్కరు కాదన్నారు, సెనేట్‌లో 89 మంది అవునంటే ముగ్గురు కాదన్నారు, 2008 ఆగస్టు 14న అధ్యక్షుడు జార్జ్ బుష్ సంతకం చేశారు. పన్నెండేళ్లు, అంతకు లోపు పిల్లల కోసం చేసిన ఏ వస్తువులోనూ పది లక్షల పాళ్లకు సీసం 600 పాళ్లు మించరాదని 2009 ఫిబ్రవరి 10 నుంచి, 300 మించరాదని అదే ఏడాది ఆగస్టు నుంచి తమరు శాసించారు. గొలుసులకూ బొమ్మలకూ ఇది సబబే. కాని రేపు తయారు కాబోయే వస్తువూ, ఎన్నడో తయారై నలభై ఏళ్లుగా అల్మరాలో కూర్చున్న వస్తువూ తమరి కంటికి ఒకటే అయిపోయాయి.

1985 అనే గీత తమరు స్వయంగా గీసింది కాదని ఒప్పుకుంటాను. తమరిని అమలు చేయవలసిన వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్ వారు, ఫిబ్రవరి 10 గడువు నాలుగు రోజుల్లో ఉందనగా, 1985 తరువాత మామూలు పద్ధతిలో అచ్చయిన మామూలు పిల్లల పుస్తకాల జోలికి రామని అభయమిచ్చారు. ఆ అభయంలో దాగిన బెదిరింపు దుకాణదారులకు వెంటనే అర్థమైంది: అంతకు ముందువాటి సంగతి మీ ఖర్మ. ఒక్కో ఉల్లంఘనకు జరిమానాను లక్ష డాలర్ల వరకు, మొత్తం మీద కోటిన్నర డాలర్ల వరకు పెంచిన చట్టం ఎదుట, పావలాకూ అర్ధకూ పుస్తకాలమ్మి ఆ డబ్బు దానధర్మాలకు వాడే దుకాణం ఏం చేయగలదు? పెట్టెల్లో సర్ది చెత్తలోకి పంపింది. గ్రంథాలయాలవారైతే తాము అమ్మేవాళ్లం కాదు కదా అన్న ధైర్యమూ చాలక, తమ అరల సంగతి ఏమిటో చెప్పండని కమిషన్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

పాత పుస్తకాల్లో సీసం అసలు లేదా అంటే, కొన్నింట్లో ఉండవచ్చు. ఒక్కో రంగుకు ఒక్కో సిరా విడిగా కలిపి, ఒక్కో రంగుకు ఒక్కోసారి కాగితాన్ని యంత్రంలోకి పంపే కాలం అది. క్రోమ్ ఎల్లో అని అచ్చాఫీసుల్లో పిలిచే పసుపు, లెడ్ క్రోమేట్ తప్ప మరేమీ కాదు. అందులో నీలం కలిపితే ఆకుపచ్చ వచ్చేది. ఇప్పటి నాలుగు రంగుల అచ్చు సిరాల్లో సీసం హద్దు మీరదని కమిషన్ వారే 2009 ఆగస్టులో తేల్చి వాటిని వదిలేశారు. పాత విడి రంగులకు ఆ భాగ్యం కలగలేదు. కాని కాగితంలోకి ఇంకి, ఎండి, అర్ధశతాబ్దం గడిచిన సిరా పిల్ల ఒంట్లోకి వెళ్లాలంటే ఆ పిల్ల పేజీలు చింపి నమలాలి. దేశంలో రోగాల లెక్క చూసే సీడీసీ ప్రతినిధి ఒకరు అప్పట్లోనే, ఈ ఆందోళనకు పదింటికి అర మార్కు వేశారు. మా మనవరాలు పుస్తకాలు నమిలే వయసు దాటి చాలా కాలమైంది. ఇప్పుడు వాటి మీద పెన్సిల్‌తో పిల్లులను గీస్తుంది.

పరీక్ష చేయించి నిర్దోషి అని నిరూపించుకోవచ్చు కదా అని తమరు అడగవచ్చు. ప్రయోగశాలలో రసాయన పద్ధతిన పరీక్షించాలంటే పేజీని కత్తిరించి ఆమ్లంలో కరిగించాలి. కొత్తగా పదివేల ప్రతులు వేసిన ప్రచురణకర్తకు ఒక ప్రతి పోతే లెక్కలోకి రాదు. పాత పుస్తకాల అరలో ఉండేది ఒకే ఒక్క ప్రతి. దాన్ని నిర్దోషి అని ప్రకటించే నాటికి ముద్దాయి సీసాలో ద్రవరూపంలో ఉంటాడు. డాలరు పుస్తకానికి ఆ పరీక్ష ఖర్చు పుస్తకం ధరకు ఎన్నో రెట్లు ఉంటుందనే సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఆ దుకాణంలోనే, పిల్లల అరకు ఎదురుగా, నా మోకాలి ఎత్తున, 1970 ప్రాంతంలో అచ్చయిన వంటల పుస్తకం ఒకటి ఉంది. అట్ట నిండా గాఢమైన పసుపు. దాన్ని ఎవరికోసమని ఎవరూ అడగరు. ఆ ఎత్తున దాన్ని అందుకోగలిగేది నాలుగేళ్ల పిల్లలే అయినా, అది పెద్దల పుస్తకం కనుక అందులోని సిరా పెద్దమనిషి.

ఇంకొక మాట. మా అమ్మాయీ అల్లుడూ ఉంటున్న ఇల్లు 1950లలో కట్టినది. ఈ దేశంలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో. పిల్లల రక్తంలోకి సీసం నిజంగా చేరే దారి ఆ పాత గోడల నుంచి, కిటికీ చట్రాల నుంచి రాలే పెచ్చులూ దుమ్మూ అని ఇక్కడి వైద్యులందరికీ తెలుసు. అటువంటి ఇంటిని మూడు నెలల పసిపాప ఉన్న కుటుంబానికి అమ్మడానికి ఏం కావాలి? తెలిసినదేదో చెప్పి, ఒక చిన్న కరపత్రం చేతికిచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకుంటే చాలు. లక్షల డాలర్ల సీసపు గోడలకు కరపత్రం, డాలరు బొమ్మల పుస్తకానికి నిషేధం. ఆ కరపత్రంలో కూడా బొమ్మలున్నాయి, మా మనవరాలికి దాన్ని నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు.

పిల్లల మోటారు బళ్లలో బ్యాటరీ కొనలకు సీసం ఉందని వాటి అమ్మకం ఆపించి, పిల్లలు పెద్దల బళ్లెక్కే ప్రమాదం తెచ్చిన సంగతి ఇక్కడ ఎత్తను. దాన్ని తరువాత సవరించుకున్నారు. కాని మాటెల్ సంగతి ఎత్తకుండా ఉండలేను. 2007 నాటి బొమ్మలకు ఆ సంస్థ 2009లో 23 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. అదే ఏడాది, తన బొమ్మలను తన సొంత ప్రయోగశాలల్లోనే పరీక్షించుకోవడానికి కమిషన్ అనుమతి కూడా పొందింది. ఇంటి వెనుక షెడ్డులో చెక్క గిలకలు చెక్కుకునేవాళ్లు మాత్రం బయటి ప్రయోగశాలలకు ఎలా కట్టాలా అని తలపట్టుకున్నారు. గుమ్మడికాయ ఎత్తుకుపోయినవాడి భుజాన్ని వాడినే తడుముకోమని, ఊళ్లో మిగిలిన భుజాలన్నింటినీ పోలీసులు తడిమినట్టుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2011 ఆగస్టు 12న, సీసం హద్దు 300 నుంచి ఇంకా దిగి 100 పాళ్లు కావడానికి రెండు రోజుల ముందు, అధ్యక్షుడు ఒబామా నీ సవరణ మీద సంతకం చేశారు. వాడిన పిల్లల వస్తువులను, లోహపు నగల వంటివి కొన్ని మినహా, సీసం హద్దుల నుంచి తప్పించారు. మామూలు పుస్తకాలకు బయటి ప్రయోగశాల పరీక్ష అక్కరలేదన్నారు. అంటే నిన్న నా చేతిలోంచి లాక్కున్న పుస్తకం మీద నీకు ఏ అభ్యంతరమూ లేదు; చాలా ఏళ్లుగా లేదు. మరి ఆ గోడ మీది కాగితం ఎందుకుంది? భయపెట్టేటప్పుడు ఊరూరా దండోరా వేయించావు. తప్పు దిద్దుకున్నప్పుడు గుసగుసలాడి ఊరుకున్నావు. నీ భయాన్ని లామినేషన్ చేయించి పెట్టుకున్న ఆ పెద్దావిడకు, ఆ భయం గడువు తీరిపోయిందని ఒక్క ఉత్తరం ముక్క రాయడానికి నీ దగ్గర కాగితం లేకపోయిందా? చెత్తలో కలిసిన పుస్తకాల పేర్లు ఏ రిజిస్టరులోనైనా రాసిపెట్టావా? వాటిలో చాలావాటిని ఎవరూ తిరిగి అచ్చువేయరు. 1966 పుస్తకం మీది హక్కు సాధారణంగా 2061 చివరిదాకా బతికే ఉంటుంది కాబట్టి, హక్కుదారు తలచుకుంటే తప్ప ఇంకొకరు వేయడానికి వీల్లేదు. వేసినా అది వేరే పుస్తకం. ఒక్కో రంగుకు ఒక్కో పలక చిత్రకారుడే చేత్తో గీసి ఇచ్చిన బొమ్మను స్కానర్‌కు అప్పజెప్పి నాలుగు రంగుల చుక్కలుగా మారిస్తే, ఆ పసుపు మళ్లీ రాదు. ఇది అచ్చాఫీసులో జీవితం గడిపినవాడి మాట. ఆ పుస్తకాలు బతికే చోటు పాత పుస్తకాల అర ఒక్కటే, నువ్వు తాళం వేసింది సరిగ్గా దానికే.

కాస్త కటువుగా మాట్లాడినట్టున్నాను, క్షమించాలి. తమరి మూలంగా గొలుసుల్లో, బొమ్మల్లో సీసానికి హద్దు ఏర్పడింది, మా మనవరాలి బొమ్మలను నేను నిశ్చింతగా ఆమె చేతికిస్తున్నాను; ఆ మేలు మరచిపోను. నేను కోరేది పెద్దదేమీ కాదు. కమిషన్ వారి నుంచి ఎవరినైనా ఆ దుకాణానికి పంపి గోడ మీది కాగితం ఊడదీయించండి. బల్ల కింది పుస్తకాన్ని తిరిగి అరలోకి ఎక్కించేటప్పుడు, ఎవరి కోసమని మాత్రం ఎవరినీ అడగనివ్వకండి.

ఇట్లు,
తమ అవిధేయుడు,
ఒక మాజీ కంపోజిటర్

తా.క.: ఆ పసుపు అట్ట వంటల పుస్తకాన్ని కొన్నాను. ఎవరికోసమని కౌంటర్‌లో అడగలేదు, నేనూ చెప్పలేదు. మా మనవరాలు దానిలో కేకుల పేజీల మీద పిల్లులను గీస్తోంది.