గోదావరి నీళ్లు సముద్రంలో ఎటు పోతాయో చెప్పండి సార్

మాది ములుగు వైపు ఊరు. హనుమకొండలో పీజీ చేస్తున్నా. ఈ సెమిస్టర్‌లో ఓషనోగ్రఫీ, అంటే సముద్ర శాస్త్రం, ఒక పేపర్. క్లాసులో సగం మంది సముద్రాన్ని టీవీలో చూసినవాళ్లమే.

సముద్ర ప్రవాహాల పాఠం రెండు క్లాసుల్లో అవగొట్టారు. బోర్డు మీద ప్రపంచ పటం, ఎర్ర బాణాలు, నీలం బాణాలు. గల్ఫ్ స్ట్రీమ్, కురోషియో, లాబ్రడార్, బెంగ్వేలా. "పటం గ్యారంటీ ప్రశ్న, బట్టీ కొట్టేయండి." అంతే.

నాకు ఒళ్లు మండింది స్వీడన్ శాస్త్రవేత్త ఎక్మన్ సిద్ధాంతం దగ్గర. ఉత్తరార్ధగోళంలో గాలికి 90 డిగ్రీలు కుడికి నీళ్లు కదులుతాయని ఒక్క ముక్క రాయించి పక్కకు పోయారు. నేను చెరువు కట్ట మీద పెరిగినదాన్ని. గాలి ఎటు వీస్తే నాచు అటే పోతది. మరి కుడికి ఎందుకు తిరుగుతుంది? అడిగితే "ఫార్ములా రాయమ్మా, మార్కులు పడతాయి" అన్నారు.

ఇదే సందేహం నార్వే అన్వేషకుడు నాన్సెన్‌కు వచ్చింది. 1893లో బయల్దేరిన ఆయన ఓడ ఫ్రామ్ ఆర్కిటిక్ మంచులో ఇరుక్కుని, మంచుతో పాటే కొట్టుకుపోయింది. మంచు గాలి దారిలో కాకుండా 20 నుంచి 40 డిగ్రీలు కుడికి జరగడం ఆయన గమనించాడు. దాన్ని ఎక్మన్ లెక్కగట్టి 1905లో అచ్చువేశాడు. గాలి పై పొరను తోస్తుంది, భూభ్రమణం వల్ల అది కుడికి ఒరుగుతుంది. అది కింది పొరను లాగితే, ఆ పొర ఇంకాస్త ఒరుగుతుంది. అన్ని పొరలూ కలిపితే 90 డిగ్రీలు. మా చెరువు చిన్నది, లోతు తక్కువ. నాచు కట్టకు తగిలేలోపు భూమి తిరిగే సంగతి దానికి తెలిసేంత టైమ్ ఉండదు! ఇది చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టదు కదా?

ఇంకో బాధ, పాఠంలో బంగాళాఖాతమే లేదు. వానాకాలంలో ముల్లకట్ట బ్రిడ్జి కింద నుంచి పోయే గోదావరి అందులోనే కలుస్తుంది. నదుల మంచినీళ్లు తేలిక కాబట్టి ఉప్పునీటి పైన పల్చని పొరలా పరుచుకుంటాయి, కింది నీళ్లను అంత సులువుగా కలవనివ్వవు. మన తూర్పు తీరం వెంట ప్రవాహం ఏడాదిలో దిశ మార్చుకుంటుంది. వానాకాలానికి ముందు ఉత్తరానికి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి. అంటే మన గోదావరి నీళ్లు అప్పుడు తమిళనాడు వైపు పోతుంటాయన్నమాట. ఇది నేను సొంతంగా చదివి తెలుసుకున్నా.

హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఉంది. అక్కడ కూర్చునే సునామీ హెచ్చరికలు ఇస్తారు, చేపలు ఎక్కడ దొరుకుతాయో జాలర్లకు చెప్తారు. ఒక్కరోజు తీసుకెళ్లమని రాసిచ్చాం. బస్సు చార్జీలు మేమే పెట్టుకుంటామని కూడా రాశాం. మూడు వారాలైంది, ఇంకా సంతకం కాలేదు.