గిజిగాడి గూట్లో మిణుగురు దీపం: ఒక ఖండన

వానలు మొదలైతే చాలు, తాటి మట్టలకు వేలాడే గిజిగాడి గూళ్ల ఫొటోతో ఒక సందేశం ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది. గిజిగాడు గూటి గోడకు మట్టి ముద్ద పెట్టి, దానికి మిణుగురు పురుగులను అతికించి రాత్రిళ్లు పిల్లలకు దీపం వెలిగిస్తుందని, ఆలుమగలు కలిసి కట్టుకున్న ఆ ఇంట్లో జీవితాంతం కాపురం చేస్తాయని, పక్కనున్న సగం కట్టిన గూళ్లు పాములను ఏమార్చడానికేనని అందులో రాస్తారు.

మట్టి మాత్రం నిజం. గూడు విప్పి చూస్తే లోపల ఎండిన మట్టి, పేడ ముద్దలు కనిపిస్తాయి; మిణుగురుల కథకు బహుశా అదే మూలం. అయితే మగపక్షి ఆ మట్టిని అంటించేది గూడు ఇంకా బోర్లించిన బుట్టలా అడుగున తెరిచి ఉన్నప్పుడు, అంటే గుడ్లూ పిల్లలూ ఏవీ లేనప్పుడు. మరి ఆ దీపం ఎవరికోసం? గాలివానకు గూడు మరీ ఊగిపోకుండా మట్టి బరువుగా పనికొస్తుందన్నది దీనికి చెప్పే వివరణల్లో ఒకటి. పైగా గిజిగాడు పగటి పక్షి. పిల్లలకు మేత పెట్టేది పగలే, గుడ్లు పొదగడానికి ఆడపక్షి ఒంటి వేడి చాలు. మిణుగురు వెలుగు దాని పొట్ట చివర లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలిసినప్పుడు పుడుతుంది కనుక పురుగు చచ్చి ఎండిపోతే వెలుగు కూడా ఉండదు. ఇవన్నీ అటుంచినా, గుడ్ల కోసం తిరిగే శత్రువులకు తన గూటి జాడ తానే దీపం పెట్టి చూపే పక్షి ఎక్కడైనా ఉంటుందా?

ఆదర్శ దాంపత్యం మాటకు పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1930 ప్రాంతంలోనే జవాబు చెప్పారు. బొంబాయికి దగ్గర్లోని కిహీంలో ఈ పక్షులను గమనించి, 1931లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ఆ వివరాలు ప్రచురించారు. వరి ఆకులను, తాటాకులను ఈనెల్లా చీల్చి, సుమారు 500 సార్లు తిరిగి, 18 రోజుల దాకా శ్రమించి గూడు అల్లేది దాదాపుగా మగపక్షే. గూడు సగమైనప్పుడు అది రెక్కలాడిస్తూ, కూస్తూ ఆడపక్షులను పిలుస్తుంది. వచ్చిన ఆడపక్షి గూటిని పరిశీలించి ఒప్పుకుంటేనే మగపక్షి కిందికి గొట్టం దించి గూడు పూర్తిచేస్తుంది. ఆ తరువాత కాపురం సంగతి అంటారా, ఆడపక్షి గుడ్లు పెట్టగానే మగపక్షి మరో గూడు అల్లడం మొదలుపెట్టి, మరో ఆడపక్షిని పిలుస్తుంది. మన సందేశాలు రాసేవారు దీన్ని ఎందుకు వదిలేశారో ఊహించడం కష్టమేమీ కాదు.

సగం గూళ్ల కథ దీనితోనే తేలిపోతుంది: వాటిలో ఎక్కువ భాగం ఏ ఆడపక్షీ ఒప్పుకోక వదిలేసినవే. పాముల నుంచి రక్షణ కోసం గిజిగాడు ఆశ్రయించేది నీటి మీదికి వంగిన కొమ్మలను, ముళ్ల తుమ్మలను, నున్నగా కిందికి వేలాడే ఆ పొడవాటి గొట్టాన్ని.