‘నడక చూస్తే చాలు’ అనే మెసేజ్‌కి నా జవాబు

ఆ వాట్సాప్ మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈసారి నరసన్నపేట మిత్రుడొకరు పంపారు, అది చదివి విసుక్కుంటుండగానే బొబ్బిలి నుంచి మా బంధువు కూడా పంపాడు. "మన కుర్రాళ్లకి పనికొస్తుంది, అందరికీ పంపండి" అని ఇద్దరూ కింద రాశారు. అగ్నివీర్ ర్యాలీ మాట వినపడితే చాలు, ఇది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గ్రూపులన్నీ చుట్టేస్తుంది.

"ఆర్మీ ట్రైనింగ్‌లో ఎవరి కాలు విరుగుతుందో నడక చూసి ముందే చెప్పేయొచ్చు" అని మొదలవుతుంది. ఆపైన ఆరు సూత్రాలు. ఫ్లాట్ ఫుట్ ఉన్నవాడి కాలే ముందు విరుగుతుంది. బూటు మడమ ఏ పక్క అరిగిందో చూసి దానికి తగ్గ సోల్ కొనుక్కో. మడమ ఆనకుండా మునివేళ్ల మీద పరిగెత్తు. ముందు పది నిమిషాలు స్ట్రెచింగ్ చేస్తే ఏ దెబ్బా తగలదు. కాలి ఎముక నొప్పి పెడితే అది గట్టిపడుతోందని అర్థం, ఆపకు. అడుగు మరీ పెద్దదిగా వేయకు.

ఫ్లాట్ ఫుట్ సంగతి. 1985లో ఇజ్రాయెల్ రిక్రూట్ల మీద చేసిన పరిశీలనలో, అరికాలు చదునుగా ఉన్నవాళ్లకే స్ట్రెస్ ఫ్రాక్చర్లు (పదేపదే భారం పడి ఎముకలో వచ్చే సన్నని పగుళ్లు) తక్కువ వచ్చాయి. 1993లో అమెరికా ఇన్‌ఫాంట్రీ (పదాతి దళం) రిక్రూట్లని చూస్తే అక్కడా చదును పాదాలవాళ్లకే దెబ్బలు తక్కువ, అరికాలి వంపు ఎక్కువున్నవాళ్లకి ఎక్కువ. మరి మెడికల్‌లో ఎందుకు తీసేస్తారని అడుగుతారు. అందరినీ తీసేయరు. మునివేళ్ల మీద లేచినప్పుడు వంపు తిరిగి కనబడి, పాదం మెత్తగా వంగుతూ, నొప్పి లేకుండా మునివేళ్ల మీద గెంతి పరిగెత్తగలిగితే తీసుకోవచ్చని మన సైన్యం మెడికల్ ప్రమాణాల్లోనే ఉంది. ఈ మెసేజ్ చదివి ప్రాక్టీసే మానేసిన పిల్లాడు మన ఊళ్లలో ఉంటే, ఆ పాపం ఎవరిది?

బూటు మడమ బయటి పక్క అరగడం మామూలు విషయం. దాదాపు అందరం మడమ బయటి అంచునే ముందు ఆనిస్తాం. ఇక పాదం ఆకారాన్ని బట్టి బూట్లు ఎంచి ఇచ్చే పద్ధతిని అమెరికా సైన్యంలో, ఎయిర్‌ఫోర్స్‌లో, మెరైన్లలో పరీక్షించి చూశారు. దెబ్బలు చెప్పుకోదగ్గంతగా ఏమీ తగ్గలేదు. డబ్బులుంటే సోల్ బదులు అడుగు అరగని మంచి బూట్లు కొనండి.

స్ట్రెచింగ్ చేసుకోండి, తప్పు లేదు. కానీ ఆస్ట్రేలియాలో 1538 మంది రిక్రూట్లతో చేసిన పరీక్షలో, పరుగుకి ముందు సాగదీసినవాళ్లకీ సాగదీయనివాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మునివేళ్ల పరుగు కొంచెం ప్రమాదమే. మోకాలి మీద తగ్గిన భారం ఎక్కడికీ పోదు, పిక్కల మీదా మడమ వెనక స్నాయువు (టెండన్) మీదా పాదం ముందెముకల మీదా పడుతుంది. ఏళ్లుగా మడమ ఆనించి పరిగెత్తినవాడు వారంలో మార్చేసుకుంటే పాదం ముందెముకే చిట్లొచ్చు.

ఇక అయిదోది. నాకు కోపం తెప్పించింది ఇదే, ఇది రాయకపోతే నిద్ర పట్టదు. "నొప్పి పెడితే ఎముక గట్టిపడుతోంది, ఆపకు, నూనె రాసి గుడ్డ కట్టి పరిగెత్తు."

కొత్త బరువు పడితే ఎముక గట్టిపడే మాట నిజమే. కానీ ఎలా? ముందు పాత ఎముకని కొంత తవ్వి తీసేస్తుంది, తర్వాత కొత్తది నింపుతుంది. తవ్వడం కొద్ది వారాల్లో అయిపోతుంది, నింపి గట్టిపరచడానికి నెలలు పడుతుంది. మధ్యలో ఎముక మునుపటికంటే బలహీనంగా ఉంటుంది. పాత గోడ తీసి కొత్తది లేవకముందే పైన ఇంకో అంతస్తు వేస్తే ఏమవుతుందో చెప్పాలా? సెలవుల్లో ఇంట్లో ఉండి, నోటిఫికేషన్ రాగానే వంశధార కాలవ గట్టు మీదో హైవే పక్కనో రోజూ ఏడెనిమిది కిలోమీటర్లు మొదలుపెట్టే కుర్రాడికి మూడో వారం, నాలుగో వారంలో కాలెముక సలపడం అందుకే. అడిగితే "ఏటీ అవదు మేస్టారూ, ర్యాలీ అయిపోనీండి" అంటాడు.

సైనికుల పాదాలు నడిచి నడిచి వాచిపోవడం గురించి ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ 1855లోనే రాశాడు. ఎక్స్‌రే వచ్చాక 1897లో అవి పగిలిన ఎముకలని తేలింది. అంత పాత సంగతిని, 2020 దాటినా ‘గట్టిపడటం’ అని పంచుతున్నారు. ఈ సలహా రాసినవాడు పరిగెత్తడు, విరిగే కాలు వాడిది కాదు.

మోకాలి కింది ఎముక లోపలి అంచు పొడుగునా సలుపు ఉంటే కొన్నాళ్లు పరుగు తగ్గించి చూడొచ్చు. ఒకే చోట, వేలితో నొక్కితే గిలగిల్లాడేంత నొప్పి ఉంటే, ఒంటికాలి మీద గెంతలేకపోతే, రాత్రి పడుకున్నా సలిపితే ఆ రోజే ఆపాలి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు, రిపోర్టు నార్మల్ అని మళ్లీ గ్రౌండ్‌కి వెళ్లిపోకూడదు. నొప్పి గజ్జలో ఉంటే అసలు ఆలోచించొద్దు, ఎముకల డాక్టరు దగ్గరికే. తుంటి దగ్గర తొడ ఎముక మెడ చిట్లి ఉండొచ్చు. ఆ చిట్లిన ఎముక పక్కకి జరిగిపోతే ఆపరేషన్ పడుతుంది, కీలుకి రక్తం అందకుండా పోయే ప్రమాదం కూడా ఉంది. అక్కడ నాటు కట్టు, మర్దన పనికిరావు. పద్దెనిమిదేళ్ల పిల్లాడు జీవితాంతం కుంటాలా?

నడకకి అసలు సంబంధమే లేదని మాత్రం నేను అనను. 2011లో బ్రిటిష్ రిక్రూట్ల మీద వచ్చిన పరిశీలనలో, నడిచేటప్పుడు పాదం లోపలి పక్క భారం ఎక్కువ పడేవాళ్లకి కాలెముక నొప్పి ఎక్కువ వచ్చింది. అలాంటివాళ్లకి నడక సరిచేయించాక తగ్గిందని 2014లో తేల్చారు. కానీ వాళ్లని ఒత్తిడి కొలిచే పలకల మీద నడిపించి చూశారు, వాట్సాప్‌లో ఫొటో చూసి కాదు. అదే 2011 పరిశీలనలో సిగరెట్టూ, తక్కువ ఫిట్‌నెస్సూ కూడా కారణాలుగా తేలాయి. మెసేజ్‌లో వాటి మాటే లేదు. సిగరెట్టు మానేయమంటే ఎవరూ ఫార్వర్డ్ చేయరనా?

ఆఖరి సూత్రం, అడుగు మరీ పెద్దదిగా వేయొద్దన్నది మాత్రం నూటికి నూరు పాళ్లు సరైనది. ఆరింటిలో ఎవరూ పట్టించుకోనిదీ అదే. డ్రిల్‌లో అడుగు 30 అంగుళాలు, నిమిషానికి 120 అడుగులు. పొట్టివాడు పొడుగువాడితో సమానంగా సాగదీసి వేస్తే తుంటి మీద భారం పెరుగుతుంది. ఆస్ట్రేలియాలో మహిళా రిక్రూట్లకి కటి ఎముక పగుళ్లు ఎక్కువవుతుంటే, మార్చ్ వేగం గంటకు 7.5 కిలోమీటర్ల నుంచి 5కి తగ్గించి, ఎవరి అడుగు వాళ్లనే వేయనిచ్చి, పరుగుల పద్ధతి కూడా మార్చారు. పగుళ్లు 11.2 శాతం నుంచి 0.6 శాతానికి పడిపోయాయి.

గ్రౌండ్‌లో మీ పరుగు మీ చేతిలోనే ఉంది కాబట్టి ఈ ఒక్కటీ పాటించండి: అడుగు కాస్త చిన్నదిగా, కాస్త గబగబా. దూరం వారానికి కొంచెం కొంచెంగా పెంచండి. సెలెక్టయ్యాక ట్రైనింగ్ సెంటర్‌లో కాలెముక నొప్పి పెడితే ఉస్తాద్‌కి (ట్రైనింగ్ ఇచ్చేవాడికి) చెప్పి ఎం.ఐ. రూమ్‌కి (అక్కడ వైద్యం చూసే గదికి) వెళ్లండి. రెలిగేట్ అయి వెనక బ్యాచ్‌లో పడతామనే భయంతోనే అక్కడ అందరూ దాస్తారు. ఒక బ్యాచ్ వెనక పడినా ట్రైనింగ్ పూర్తిచేయొచ్చు. తొడ ఎముక విరిగితే నేరుగా ఇంటికే పంపించొచ్చు.